ఎదురుగ నిలబడు

“వో తో పర్సోం గుజర్ గయే, అమ్మా” అన్నాడు గాజుల దుకాణం ఆయన, చేతిలోని లక్క గాజును గుడ్డతో తుడుస్తూనే.

పక్క దుకాణం ఆయన పోయాడన్నమాట. నాకు ఏడవాలో వద్దో తెలియలేదు. పర్సోం అంటే పుస్తకాల్లో మొన్న. ఎల్లుండి కూడా. కానీ మా పాతబస్తీలో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన ఏడు కావచ్చు, మా అమ్మమ్మ పెళ్లినాడు కూడా కావచ్చు. మొన్న పోయిన మనిషికైతే ఒక రకం దుఃఖం. ఎన్నేళ్ల కిందటో పోయిన మనిషి కోసం ఇవాళ, సంచి చంకలో పెట్టుకుని, షాలిబండ రోడ్డు మీద నిలబడి ఎట్లా ఏడవాలి?

“పర్సోం అంటే మొన్ననా?” అని అడిగాను.

“మొన్న కాదమ్మా. పర్సోం” అన్నాడాయన, నాకు మాటలు సరిగా రావేమో అన్నట్టు నింపాదిగా.

పక్క దుకాణం చెక్క తలుపులకు తాళం వేసి ఉంది. తాళం మీద తుప్పు. తుప్పును బట్టి చూస్తే మొన్నటిది కాదనిపించింది. కానీ మా ఇంటి తాళానికి కూడా అంతే తుప్పు ఉంది, దాన్ని నేను రోజూ తీస్తున్నాను.

నేను అక్కడికి పోవడానికి కారణం మా ఆఫీసు. వారం కిందట అందరికీ గుర్తింపు కార్డుల కోసం ఫోటోలు తీశారు. నా వంతు వచ్చేసరికి అలవాటు కొద్దీ గోడవారకు జరిగి నిలబడ్డాను. ఫోటో తీసే అతను కెమెరా మీంచి తల ఎత్తకుండానే, “గడ్డం కొంచెం పక్కకు తిప్పండి మేడం” అన్నాడు.

“కార్వాన్ దిక్కా, బార్కస్ దిక్కా?” అన్నాను.

అవి మా షాలిబండకు చెరో దిక్కున ఉన్న పేటలు. గది అంతా నవ్వింది. మా సెక్షన్‌లో టైపు చేసే ఆమె, “ఫోటో దిగుతున్నవా, బస్సెక్కుతున్నవా?” అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియలేదు. అసలది నా మాట కాదు. ఏడేళ్లుగా నేను చూడని ఒక మనిషిది.

ఆయన పేరు నాకు తెలుసు. దుకాణం బోర్డు మీద ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండేది. కానీ ఆ పేరుతో ఆయన్ని నేనెన్నడూ పిలవలేదు, కాబట్టి ఇక్కడా రాయను. నాకు ఆయన చాచా. మా అమ్మకు భాయ్. గాజుల దుకాణం ఆయనకు మియా. ముందు గదిలో పాడైన కెమెరాలు బాగుచేసేవాడు. వెనక గదిలో, పైకప్పులోని గాజు పలక నుంచి వచ్చే వెలుగులో ఫోటోలు తీసేవాడు.

ఆయన నోట కుడి, ఎడమ అనే మాటలు వచ్చేవి కావు. కుర్చీలో కూర్చున్నవాళ్లతో, “తల జర కార్వాన్ దిక్కు తిప్పు. భుజం బార్కస్ దిక్కే ఉండని” అనేవాడు. గల్లీ వాళ్లకు అలవాటే. కొత్తగా వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు. ఒకసారి ఒక పెళ్లికొడుకు ముఖం మీది పూల సెహ్రాతో సహా లేచి, రోడ్డు మీదికి వెళ్లి, కార్వాన్ ఎటుందో ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చి కూర్చున్నాడు.

ఎందుకట్లా అని నేను అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. ఆయనే చెప్పాడు ఒకరోజు.

“నలభై ఏండ్లు కెమెరాల తలకాయ పెట్టి చూసినోన్ని బిడ్డా. పెద్ద కెమెరాల మనిషి తలకిందులు కనబడుతడు. ఈ చదరం కెమెరాల కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. ఏది ఏందో నాకు యాదికుండదు. గని కార్వాన్ జాగ ఇడిసి యాడికి పోదు కద.”

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది మఖ్మల్ ముక్కల కోసం. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నాన్న నీళ్ల ఆఫీసు నుంచి వచ్చేలోపు, నేను కాలేజీ నుంచి వచ్చాక, కాజాలు, హుక్కులు నా పని. మిగిలిన సమయంలో లైబ్రరీ పుస్తకం మిషను సొరుగులో పెట్టుకుని చదువుకునేదాన్ని. అమ్మకు తెలుసు. తెలియనట్టు ఉండేది.

“నల్ల మక్మల్ ముక్కలు ఉంటే ఇయ్యమ్మా” అన్నాడాయన గుమ్మం బయట నిలబడి.

“మక్మల్‌తోని మీకేం పని భాయ్?”

“కెమెరాకు జాకెట్ కుట్టాలె.”

“కొలత తేవాలె మరి” అంది అమ్మ నవ్వకుండా.

మర్నాడు ఆయన నిజంగానే కొలత తెచ్చాడు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుని. అమ్మకు ఆ లెక్క బోధపడలేదు. “మా పిల్లను తోలుతా” అంది. “దానికి నోరు లేదు గని చెయ్యి మంచిగుంటది.” నోరు లేదన్నందుకు నాకేమీ అనిపించలేదు. ఆ మాటతోనే నన్ను అందరికీ పరిచయం చేసేది.

ఆయన దగ్గర ఒక పెద్ద ఇత్తడి లెన్సు ఉండేది. మంచినీళ్ల చెంబంత ఉండేది, నిండు చెంబంత బరువుండేది. లెన్సు అనేవాడు కాదు, శీషా అనేవాడు. అది ఆయనకు పని నేర్పిన ఉస్తాద్‌ది. ఉస్తాద్ దాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టే పెద్ద చెక్క కెమెరాకు బిగించి, పెళ్లిళ్లలో, బడుల్లో నలభై మందిని ఒక్క గాజు పలక మీద తీసేవాడట. తర్వాత ఆ చెక్క కెమెరాను చెదలు తిన్నాయి. గాజు పలకలు బజారులో దొరకడం మానేశాయి. లెన్సు ఒక్కటే మిగిలింది.

మరో పక్క, అదే బల్ల మీద, ఒక చదరపు కెమెరా ఉండేది. పైనుంచి తల వంచి చూసే రకం. రీలుకు పన్నెండు ఫోటోలు. దాని సొంత లెన్సుకు బూజు పట్టి పాడైపోతే, ఎవరో అగ్గువకు ఇచ్చేసి పోయారు.

“దీనికి కన్ను లేదు. దానికి ఒళ్లు లేదు” అనేవాడు, రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని. “ఇద్దర్ని కలపాలె.”

గాజుల దుకాణం ఆయనకు ఇది రోజూ వేళాకోళం. గుమ్మంలోంచి తల పెట్టి, “ఏం మియా, పెండ్లెప్పుడు?” అనేవాడు.

“పర్సోం.”

“పిల్ల మస్తు బరువున్నది. పిలగాడు మోస్తడా?”

“మోస్తడు. నువ్వు దావత్‌కు రా. అప్పటిదాంక లొల్లి చెయ్యకు.”

నవ్వులాట కింద ఏముందో ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు. నేను మఖ్మల్ కత్తిరిస్తున్నాను. ఆయన ఉస్తాద్ లెన్సు మూతను తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

“ఉస్తాద్ కాడ పదకొండేండ్లు ఉన్న బిడ్డా. చూసేది ఆయన. మూత తీసేది నేను. ఏక్, దో, తీన్ అని లెక్కవెట్టి మల్ల మూత వెట్టేది నేను. ఈ శీషతోని నా అంతట నేను ఒక్క మొఖం తియ్యలే. ఒక్కటంటే ఒక్కటి తియ్యాలె, నా కండ్లు ఉండంగనే.”

పెద్దవాళ్లు ‘నేనుండగానే’ అంటారే, అట్లాంటి మాటే ఇదీ అనుకున్నాను. వినడానికి బాగుందని ఆ వాక్యాన్ని అట్లాగే డైరీలో ఎక్కించుకున్నాను. మాటను రాసుకున్నాను, అర్థాన్ని వదిలేశాను.

నేను ఎక్కడికి పోయినా నిలబడే చోటు ఒకటుంటుంది. తలుపు పక్కన, స్తంభం నీడలో, బీరువా వెనక, ఎవరికీ అడ్డం రాకుండా. ఆయన దుకాణం గుమ్మం పక్కన కూడా ఒక చెక్క స్తంభం ఉండేది. దానికి ఆనుకుని నిలబడేదాన్ని. ఆయన నన్ను పట్టించుకునేవాడు కాదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు గడిచేవి. ఏదో స్క్రూ తిప్పుకుంటూ, తనలో తాను గొణుక్కుంటూ ఉండేవాడు. నేను దగ్గితే ఉలిక్కిపడేవాడు.

“ఎవలు? సామ్నే ఆవ్. ఎదురుగ నిలబడు!”

కసిరినట్టే ఉండేది. నాకు చెవులు వేడెక్కేవి. వెళ్లి ఎదురుగా నిలబడితే మాత్రం మనిషి మారిపోయేవాడు. “అరె, నువ్వా బిడ్డా. ఎప్పుడొచ్చినవ్? చాయ్ తాగుతవా? అమ్మ మంచిగున్నదా?”

ఈ రెండు ముఖాల్లో ఏది నిజమో నాకు అర్థమయ్యేది కాదు. డైరీలో ఒకరోజు, ‘ఆయనకు నేనంటే ఇష్టమే’ అని ఉంది. మరుసటి పేజీలో, ‘ఆయనకు నన్ను చూస్తే చికాకు’ అని ఉంది. రెండూ ఒకే సిరాతో రాసినవి.

ఆయనలో ఇంకా కొన్ని అర్థం కానివి ఉండేవి. వెనక గదికి పోయే దారిలో ఒక స్టూలు ఉండేది, ఎప్పుడూ ఒకే చోట. దానికి రోజూ కాలు తగిలేది. తగిలినప్పుడల్లా దాన్నే తిట్టేవాడు. “ఈ స్టూల్ దినాం జాగ మారుస్తది. దీన్ని ఠాణాల అప్పజెప్పాలె.” పక్కనుంచి చాయ్ అందిస్తే తీసుకునేవాడు కాదు, బల్ల మీద తన ముందే పెట్టాలి. మధ్యాహ్నం నమాజు అయ్యాక కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్లల్లో చుక్కల మందు వేసుకునేవాడు. షాలిబండ దుమ్ముకు అందరూ కళ్లు నలుపుకుంటారు కదా అనుకున్నాను.

పని మాత్రం సాగుతూ ఉంది. అగ్గిపెట్టెలో లోపలి డొప్ప జరిగినట్టు, ఒక చెక్క పెట్టెలో మరో పెట్టె జరిగేట్టు చేశాడు. ముందు పెట్టెకు ఉస్తాద్ లెన్సు. వెనక పెట్టెకు, పాడైన లెన్సు నుంచి ఊడదీసిన ఇనుప పట్టీ. అది కెమెరా మూతిలో సరిగ్గా కూర్చునేది. మూత తీసి పెట్టే పని ఇక లేదు, ఈ కెమెరా లోపలే ఒక గుడ్డ తెర ఉంది, మీట నొక్కితే అదే తెరుచుకుని మూసుకుంటుంది. పెట్టెను లోపలికి, బయటికి జరుపుతూ బొమ్మ తేటగా కనిపించే దూరం చూసుకోవాలి. మిద్దె ఎక్కి చార్మినార్ వైపు పెట్టి చూశాడు. “మీనార్ కొన మీద పావురం కనబడాలె” అన్నాడు. పావురం కనబడిన రోజున గాజుల దుకాణానికీ మాకూ చాయ్ తెప్పించాడు.

“ఎనిమిది అంగుళాలకు పడ్డది ఖరారు” అన్నాడు.

నాకు ఇంటర్ పుస్తకంలోని మాట గుర్తొచ్చింది. అడగకుండానే నోట్లోంచి వచ్చేసింది. “పుస్తకంల దాన్ని నాభ్యంతరం అంటరు చాచా.”

“ఏందీ?”

“నాభ్యంతరం.”

“నీకు అభ్యంతరమా? నీకేం అభ్యంతరం బిడ్డా, నేనేం తప్పు జేసిన?”

నేను కంగారుపడి నాభి అంటే ఏమిటో, అంతరం అంటే ఏమిటో, వెలుగు కిరణాలు ఎక్కడ కలుస్తాయో అంతా గబగబా చెప్పాను. ఆయన విని విని పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ దూరానికి ఇంకో పేరు లేదు. “అభ్యంతరం జర పెంచు” అనేవాడు. “అభ్యంతరం ఎక్కువైంది, జర తగ్గించు.”

పావురం కనబడినా ఫోటో మాత్రం రాలేదు. మొదటి రీలుకు గాజుల దుకాణం ఆయన్ని కూర్చోబెట్టి తీశాడు. కడిగి చూస్తే బొమ్మ మీద పొగ కమ్మినట్టు ఉంది.

“ఏం మియా, వంటింట్ల కూసోవెట్టి తీసినవా?” అన్నాడు గాజులాయన. “మా ఇంటామె సుత గుర్తువట్టది.”

“గుర్తువట్టకుంటేనే నీకు మంచిది” అన్నాడు చాచా. కానీ ఆ మాటలో ఊపు లేదు.

రెండో రీలూ పొగే. ఆయన ఆ పొగను నాకు వివరించిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. “ఇది నలభై మందిని చూసి అలవాటైన శీష. ఈ చిన్న డబ్బాల ఒక్క మొఖానికే జాగ ఉన్నది. మరి మిగిలిన ముప్పై తొమ్మిది మంది వెలుగు యాడికి పోవాలె? లోపలికైతే వస్తది. వచ్చి గోడలకు తాకుతది, ఆడనే తిరుగుతది, ఉన్న ఒక్కని మీద పడి పొగ జేస్తది. ఆ వెలుగును మింగుతందుకే మక్మల్. మక్మల్ ఎందుకు మింగుతలేదో మరి.”

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన లెన్సును ముట్టలేదు. “ఉస్తాద్‌కు ఇష్టం లేదేమో” అన్నాడు ఒకసారి, నాతో కాదు, బల్లతో. “మూత తీసేటోనివి, మూతనే తియ్యి అంటుండేమో.” ఆయన చేతులు ఊరికే ఉండటం నేనప్పుడే చూశాను.

ఐదో రోజున ఆయన లోపల ఎవరికో రసీదు రాస్తుంటే, నేను ఆ పెట్టెను వెలుగులోకి తిప్పి చూశాను. మూడు గోడలు బావిలోపలిలా నల్లగా ఉన్నాయి. నాలుగోది బూడిద రంగులో మెరుస్తోంది. మూడు గోడలకూ మఖ్మల్ నేనే అంటించాను. కాలేజీ పరీక్ష ఉండి నేను రాని రోజున నాలుగోది ఆయన అంటించాడు.

మఖ్మల్‌కు దిక్కుంటుంది. అరచేత్తో రాస్తే ఒకవైపు నున్నగా పోతుంది, మరోవైపు గరుగ్గా ఎదురు తిరుగుతుంది. జాకెట్ వీపు ఒక దిక్కు, చేతులు ఇంకో దిక్కు పెట్టి కత్తిరిస్తే ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. మిషను తొక్కే ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా ఇది తెలుసు. కెమెరాలు చేసే మనిషికి తెలియక్కర్లేదు.

స్తంభం పక్కన నిలబడి ఎట్లా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. ఉస్తాద్‌కు ఇష్టం లేదని బాధపడుతున్న పెద్దమనిషికి, తప్పు నీ చేతిది అని ఎట్లా చెప్పడం? చివరికి చిన్నగా అన్నాను, “చాచా, మక్మల్ ఉల్టా ఉన్నది.”

“ఎవలు? ఎదురుగ నిలబడి చెప్పు!”

కోపం వచ్చిందనుకున్నాను. అయినా వెళ్లి బల్ల ముందు నిలబడి, పెట్టె ఆయన ముందు పెట్టి, “ఈ మూడు గోడలది కార్వాన్ దిక్కున్నది. ఈ ఒక్కటి బార్కస్ దిక్కున్నది” అన్నాను.

ఆయన పెట్టెను చూడలేదు. వేలు లోపల పెట్టి నాలుగు గోడలూ తడిమాడు. నాలుగోదాని మీద వేలు ఆగింది. ముందుకొకసారి, వెనక్కొకసారి రాశాడు.

“అరె” అన్నాడు. “నాకు కనబడలే బిడ్డా.”

అంత దగ్గర పెట్టుకుని పనిచేసిన మనిషికి అంత మెరుపు ఎట్లా కనబడలేదో నాకు అంతుపట్టలేదు. నా మనసు నొప్పించకుండా అట్లా అన్నాడేమో అనుకున్నాను. ఆ రోజే ఆ గోడ ఊడదీసి తిప్పి అంటించాను.

మూడో రీలులో పదకొండు ఫోటోలు గోడ మీద, గడియారం మీద, గాజులాయన ముక్కు మీద పోయాయి. ఒక్కటి మిగిలింది.

“కూసో” అన్నాడు నన్ను.

“నేనా? నన్నొద్దు చాచా.”

“నీ లెక్క కదలకుంట కూసునేటోళ్లు ఈ గల్లీల ఎవలున్నరు? ఈ శీషకు కదలనోళ్లే గావాలె. ఏం, నీకేమన్న అభ్యంతరమా?”

“ఎనిమిది అంగుళాలు” అన్నాను.

నేను పుట్టాక వేసిన మొదటి వేళాకోళం అదే అయి ఉంటుంది. ఆయన ఒక్క క్షణం ఆగి, తర్వాత ఎంత నవ్వాడంటే, పక్క దుకాణం నుంచి “పెండ్లి అయిపాయెనా ఏంది?” అని కేక వినిపించింది.

కూర్చునే ముందు ఆయన ఒక వింత పని చెప్పాడు. “ముందు నువ్వొచ్చి చూడు. అంచులల్ల ఏమన్నా అడ్డమున్నదేమో చెప్పు. నడుమ నేను చూసుకుంట.” తల వంచి చూశాను. ఖాళీ కుర్చీ ఉంది, కానీ గది తిరగబడింది. తలుపు ఉండాల్సిన చోట గోడ, గోడ ఉండాల్సిన చోట తలుపు, తలుపులోంచి ముందు గది దాటి రోడ్డు. రోడ్డు మీద ఫలక్‌నుమా వైపు పోతున్న రిక్షా చార్మినార్ వైపు పోతోంది. ఒక మూలకు చీపురు కట్ట కనిపిస్తే వెళ్లి తీసేసి, ఆయన చెప్పినట్టు కుర్చీ వెనక నల్ల మఖ్మల్ తెర దించాను. ఇన్నేళ్ల పనివాడు అంచుల సంగతి నన్నెందుకు అడిగాడో అప్పుడూ నాకు తెలియలేదు.

కూర్చున్నాను. ఇత్తడి అంచుల మధ్య నల్లటి గుండ్రం నన్నే చూస్తోంది. చూపు పక్కకు తిప్పుకోబోయాను.

“ఎదురుగ. నా దిక్కే. ఆఁ. గడ్డం జర కార్వాన్ దిక్కు. జర. బస్.”

మీట నొక్కితే సరిపోయే కెమెరాతో ఆయన ఏక్, దో, తీన్ అని లెక్కపెట్టాడు, పెదవుల్లోనే. తర్వాత తల ఎత్తి, లెన్సు మీద చెయ్యి వేసి, “హోగయా ఉస్తాద్” అన్నాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. నేను కుర్చీలోంచి లేవాలో కూర్చోవాలో తెలియక అట్లాగే ఉన్నాను.

“ఫోటో పర్సోం ఇస్త బిడ్డా” అన్నాడు నేను వెళ్లేటప్పుడు.

ఈ ఊళ్లోనే పుట్టాను, అయినా ఆ రోజు ఆ మాటను పుస్తకంలో లాగా నమ్మాను. సరిగ్గా రెండు రోజులకు వెళ్లాను, అమ్మ దాచుకున్న వాయిల్ చీర కట్టుకుని. తాళం. “దవాఖానకు పోయిండు” అన్నాడు గాజులాయన. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. చాచా ఉన్నాడు, ఒక్కడే, బల్ల వెనక. ఎప్పటిలాగే స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన తల తిప్పాడు. నా వైపు నుంచి, నా మీదుగా, రోడ్డు దాకా చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు. ఎదురుగ నిలబడు అని కూడా అనలేదు.

నేను దగ్గలేదు. ఈసారి ఆయనే చూడాలి అనుకున్నాను. పావుగంట అయింది. ఇంకోసారి తల ఎత్తాడు, ఇంకోసారి నన్ను దాటి చూశాడు. ఫోటో పాడైంది కాబోలు. లేదా ఫోటో బాగానే వచ్చి, ముఖం బాగాలేదు కాబోలు. ఉస్తాద్ లెన్సుతో తీసిన ఆ ఒక్క ముఖం నాది కావడం ఆయనకు నచ్చలేదు కాబోలు. మెల్లగా మెట్లు దిగి వచ్చేశాను.

డైరీలో ఆ రోజు ‘ఇక పోను’ అని ఉంది. ఆ పేజీలో ఇంకేమీ లేదు.

పోలేదు. మూసీ అవతల ఉద్యోగం వచ్చింది. బస్సు కోసం లాల్ దర్వాజా వైపు నుంచి తిరిగి పోవడం మొదలుపెట్టాను. ఒకసారి అమ్మ, “భాయ్ కలిసిండే. నీ బిడ్డ వస్తలేదేందని అడిగిండు” అంది. మఖ్మల్ కోసం అడిగి ఉంటాడనుకున్నాను. “పని ఒడిసిందమ్మా” అన్నాను.

అట్లా ఏడేళ్లు.

“పర్సోం అంటే ఎప్పుడు భాయ్?” అని గాజుల దుకాణం ఆయన్ని మళ్లీ అడిగాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పాత గిరాకీ అనుకుంటున్నాడు.

ఆలోచించాడు. “మా దుకాణానికి ఈ రంగు ఏసిన ఏడు” అన్నాడు. తలుపుల మీది ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచి ఉంది. “మూడేండ్లయితది.”

“ఏమైంది?”

“ఉమర్ అమ్మా, ముసలితనం. గని కండ్లు అంతకు ముందే పోయినయ్. కాలా మోతియా అన్నరు దవాఖానల. నడిమిట్ల ఇంత కనబడుతుండె, గొట్టంలకెల్లి చూసినట్టు.” చూపుడువేలూ బొటనవేలూ కలిపి, రూపాయి బిళ్లంత గుండ్రం చేసి కంటి ముందు పెట్టుకున్నాడు. “పక్కపొంటి ఏనుగు నిలబడ్డా తెల్వకపోతుండె. శాన ఏండ్ల సంది గట్లనేనట. ఎవలకూ జెప్పలే. స్టూల్ మీద వడుడు, స్టూల్‌ను తిట్టుడు.”

నేను గాజుల పెట్టె అంచు పట్టుకున్నాను. స్తంభం అక్కడే ఉంది, తాళం వేసిన తలుపు పక్కన. దానికీ ఆయన బల్లకూ నడుమ నాలుగు అడుగులు ఉండేవి. నేను ఆ నాలుగు అడుగులు వేయలేదు.

“ఆఖర్ల ఒక్కటే ఫికర్ ఆయనకు” అన్నాడు గాజులాయన, గుడ్డ దులుపుతూ. “ఫోటో పిల్ల రాలే, ఫోటో పిల్ల రాలే అని. బయట అద్దాల పెట్టెల రోడ్డుకు ఎదురుగ పెట్టిండు. పోతూ వస్తూ చూసుకుంటదని. దుకాణం మూసినంక నేనే తెచ్చి ఈడ పెట్టిన. పారేయబుద్ధి గాలే.”

ఆయన వెనక, లక్క గాజుల వరసల పైన, చట్రంలో ఒక ముఖం ఉంది. ఎండకు కొంచెం గోధుమ రంగు తిరిగింది. పొగ లేదు. చెవులు మెల్లగా చీకట్లో కలిసిపోయాయి. వెనక ఏమీ లేదు, మఖ్మల్ నలుపు తప్ప. కళ్లు మాత్రం కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. ఆ కళ్లు దేన్నీ తప్పించుకోవడం లేదు. ముప్పై తొమ్మిది మందిని పక్కకు జరిపి, మిగిలిన ఆ ఒక్క చోటంతా ఆ పిల్లకే ఇచ్చాడు.

“అది నేనే” అన్నాను.

“ఆఁ?”

“ఆ ఫోటో నాదే.”

ఆయన కళ్లు చికిలించాడు. ఫోటో వంక చూశాడు, నా వంక చూశాడు. నమ్మలేదు. “మస్తు మంది అడిగిన్రమ్మా ఈ ఫోటో. సినిమా పిల్లనా అని అడిగినోళ్లు సుత ఉన్నరు. ఊకెనే ఎట్లిస్త? గా పిల్ల సన్నగుంటది.”

అప్పుడు చూసుకున్నాను. నేను మళ్లీ పక్కనే నిలబడి ఉన్నాను, తలుపు రెక్క నీడలో, సగం రోడ్డు మీద. సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, దుకాణం ఎక్కి, ఆయనకు ఎదురుగా బల్బు కింద నిలబడ్డాను. ఆయన ఇంకా వెతుకుతున్నట్టే చూస్తున్నాడు.

గడ్డం కొంచెం కార్వాన్ దిక్కు తిప్పాను.

గాజు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన స్టూలు ఎక్కి చట్రం దించాడు. గాజుల గుడ్డతోనే దాని మీది దుమ్మును మూల మూలకూ తుడిచి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టాడు.

“పర్సోం వస్తదన్నడు మియా” అన్నాడు. “వచ్చినవ్.”